మ్యాప్‌లో చుక్క ఉన్నంత మాత్రాన మనిషి అక్కడ ఉన్నట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ చెన్నై పేజీల్లో హామ్ రేడియో మీద, అంటే లైసెన్సు తీసుకుని సరదాకు నడుపుకునే అమెచ్యూర్ రేడియో మీద, అర పేజీ కథనం వేశారు. సంతోషం. తెలుగు పత్రికలో మా హామ్‌లకు ఇంత చోటు దొరకడం అరుదు. అయితే దానికి ‘నెట్ పోయినా మ్యాప్‌లో దొరుకుతారు’ అని మకుటం పెట్టారు. ఆ మాటలో సగం నిజం, సగం ప్రమాదం. పొగిడినందుకు ఫిర్యాదు చేసేవాళ్లు మీకు ఎక్కువమంది తగిలి ఉండరు, నేను ఆ కోవకు చెందినదాన్ని. ఈశాన్య రుతుపవనాలు దగ్గరపడుతున్న వేళ మీ పాఠకులు ఆ ప్రమాదకరమైన సగాన్ని నమ్ముకుని కూర్చుంటారేమోనని ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. కత్తిరించక తప్పదంటే నా సొంత గోడు కత్తిరించండి. పనికొచ్చే సంగతుల జోలికి మాత్రం వెళ్లకండి.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రాన్స్‌మిషన్ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషిని. పుట్టింది గూడూరు, ఉద్యోగం వచ్చిన నాటి నుంచి మద్రాసే. వేళచ్చేరిలో మూడో అంతస్తులో ఉంటాం. మేడ మీద ఒక సన్నని యాంటెన్నా, కింద పడకగదిలో బీరువా పక్కన ఒక రేడియో, అరచేతిలో పట్టేంత కంప్యూటర్, ఒక బ్యాటరీ, ఇదీ నా సరంజామా. ఇవన్నీ కలిసి చేసే పనిని హామ్‌లు ‘ఐగేట్’ అంటారు. మీ కథనంలో ‘ఇంటర్నెట్ గేట్‌వే స్టేషన్’ అని ఒక్క వాక్యంలో దాటేసింది దీన్నే. అసలు కిటుకు అంతా అక్కడే ఉంది కనుక నేను అక్కడ కాస్త ఆగుతాను.

హామ్ దగ్గర ఉన్న రేడియోకు జీపీఎస్ తోడైతే, అది కొంతసేపటికోసారి తన కాల్‌సైన్ (లైసెన్సుతో పాటు ఇచ్చే గుర్తింపు పేరు), అక్షాంశం, రేఖాంశం, నాలుగు ముక్కల సమాచారం కలిపి మూట కట్టి గాల్లోకి వదులుతుంది. ఆ మూటనే ప్యాకెట్ అంటాం. స్పీకరు పెడితే ‘బర్ర్’ మని చీమిడి ముక్కు చీదినట్టు వినిపిస్తుంది. 1200, 2200 హెర్ట్‌జ్ స్వరాలు రెండింటిని మార్చి మార్చి, సెకనుకు 1200 బిట్ల చొప్పున పంపడం వల్ల వచ్చే చప్పుడు అది. ఒక ప్యాకెట్ దాదాపు సెకనులో అయిపోతుంది. చుట్టుపక్కల ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్న ప్రతి రేడియో దాన్ని వింటుంది. ఎత్తు మీద ఉన్న స్టేషను ఒకటి విని, అదే ఫ్రీక్వెన్సీలో మళ్లీ పలికి ఇంకాస్త దూరం చేరవేస్తుంది. దాన్ని డిజిపీటర్ అంటారు. ఇంతవరకు ఎక్కడా ఇంటర్నెట్ లేదు, సిమ్ కార్డు లేదు, సెల్ టవర్ లేదు. ఈ మొత్తం పద్ధతి పేరు ఏపీఆర్‌ఎస్ (ఆటోమేటిక్ ప్యాకెట్ రిపోర్టింగ్ సిస్టమ్).

దీన్ని తయారుచేసిన బాబ్ బ్రునింగా అమెరికా నౌకాదళ అకాడమీలో ఇంజనీరు. 1984లో వంద మైళ్ల గుర్రాల పందెంలో ఏ గుర్రం ఎక్కడుందో చెప్పడానికి విక్-20 అనే చిన్న కంప్యూటర్ మీద దీని తొలి రూపాల్లో ఒకదాన్ని నడిపాడు. ఇప్పటి పేరు 1990ల మొదట్లో వచ్చింది, ఇంటర్నెట్‌తో ముడిపడింది ఆ దశాబ్దం చివర్లో. పుట్టిన పదేళ్లకు పైగా ఏ గేట్‌వే లేకుండానే ఇది బతికింది, అది గుర్తుంచుకోండి. వాహనాల జాడ తీయడం దీని పని కాదని, ఒక ప్రాంతంలో ఉన్నవాళ్లు తమ చుట్టూ ఏం జరుగుతోందో అప్పటికప్పుడు ఒకరికొకరు చెప్పుకోవడమే దీని పని అని బ్రునింగా 2022లో చనిపోయేదాకా మొత్తుకుంటూనే ఉన్నాడు. మీ కథనంలో పేరాకొకటి చొప్పున ‘ట్రాకింగ్’ కనిపించింది. ఆయన చదివి ఉంటే నాకంటే పొడుగు ఉత్తరం రాసేవాడు.

ఇక ఐగేట్. రేడియోలో విన్న ప్యాకెట్‌ను ఇంటర్నెట్‌లో ఉన్న ఏపీఆర్‌ఎస్ సర్వర్లకు అందించడం దాని పని. తరమణిలో వెళ్తున్న కారు వదిలిన ప్యాకెట్‌ను నేనూ విని, అడయారులో ఇంకొకరూ విని ఇద్దరమూ పంపినా ఫర్వాలేదు, సర్వర్ ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని పారేస్తుంది. అక్కడి నుంచి ఏపీఆర్‌ఎస్ డాట్ ఎఫ్‌ఐ లాంటి మ్యాపుల్లోకి చేరుతుంది. ఫిన్లాండ్‌లో ఒక హామ్ నడిపే ఆ మ్యాప్‌నే మీ విలేకరి ఫోనులో చూసి మురిసిపోయి మకుటం పెట్టించారు. నెట్ పోతే ఆయన ఫోనులో ఆ మ్యాప్ ఎలా తెరుచుకుంటుందో నాకు అంతుపట్టలేదు.

2023 డిసెంబరు 4 సంగతి చెప్తాను. మిగ్‌జాం తుపాను బాపట్ల వైపు వెళ్తూ వెళ్తూ చెన్నైని ముంచింది. మా వీధిలో కరెంటు ముందే తీసేశారు. మధ్యాహ్నానికి ఫోనులో సిగ్నల్ గీతలు పోయాయి. మా అపార్ట్‌మెంటుకు నెట్ వచ్చే ఫైబర్ డబ్బా సెల్లారులో ఉంటుంది, దాని మీద నిలువెత్తు నీళ్లు. నా రేడియో మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. మేడవాక్కంలో ఉండే మా చెల్లెలి కొడుకు, ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నా పోరు పడలేక లైసెన్సు తీసుకున్నవాడు, తన మేడ మీద నుంచి చేతి రేడియోతో ప్యాకెట్లు వదులుతున్నాడు. నాకు తెర మీద వరుసగా పడుతున్నాయి. కాల్‌సైన్ చివర 7 అంటే చేతిలో పట్టుకునే సెట్టు అని గుర్తు. తర్వాత డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో నూరో వంతు దాకా అంకెలు. చివర ఇంగ్లీషులో ‘వీధిలో నీళ్లు మోకాలి దాకా, మేం బాగున్నాం’ అని. ముందే దించి పెట్టుకున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నా ల్యాప్‌టాప్‌లో వాడి చుక్క సరిగ్గా వాడి ఇంటి మీదే కూర్చుంది. నేను సందేశం పంపాను. చేరిందని వాడి సెట్టు దానంతట అదే జవాబు ఇచ్చింది.

ఇక్కడి వరకు అంతా భేషు. నా కంప్యూటర్ ఆ ప్యాకెట్లను సర్వర్‌కు పంపబోయి, దారి లేక చతికిలపడింది. హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలికి నెట్ బ్రహ్మాండంగా ఉంది. ఆమె ఫోనులో మ్యాప్ తెరిచి చూసుకుంటే కొడుకు చుక్క ముందు రోజు సాయంత్రం ఆఖరుసారి గేట్‌వేకు వినిపించిన చోట, పెరుంగుడి దగ్గర నడిరోడ్డు మీద ఉంది. టీవీలో పెరుంగుడి రోడ్లు ఏరులై పారుతున్నాయి. ఆమె రాత్రంతా ఏడ్చింది. వాడేమో మేడవాక్కంలో రెండో అంతస్తులో కొవ్వొత్తి వెలుగులో ఉప్మా తింటున్నాడు. చుక్క మీద నొక్కితే ఆఖరుసారి ఎప్పుడు వినిపించిందో టైము కనిపిస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, మీ కథనమూ చెప్పలేదు. కదలని చుక్క అంటే మనిషి కదలడం లేదని కాదు, కబురు రావడం లేదని అర్థం. రెండూ మ్యాప్ మీద ఒకేలా కనిపిస్తాయి.

మా చెల్లెలికి కబురు అందించింది చివరికి మ్యాపూ కాదు, ప్యాకెట్టూ కాదు. మర్నాడు ఉదయం తాంబరంలో ఒక పెద్దాయన దూరపు ఊళ్లకు వినిపించే 40 మీటర్ల బ్యాండులో గొంతుతో పిలిచి, హైదరాబాద్ హామ్ ఒకరికి ఫోను నంబరు చెప్తే, ఆయన ఫోను చేసి చెప్పారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతి ప్రసాద్ చేసిందీ ఇదే. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున హామ్ రేడియో యాత్రకు వెళ్లిన ఆమె, సముద్రం విరుచుకుపడ్డాక అండమాన్ కబుర్లు దేశానికి చేరవేస్తూ కూర్చున్నారు. ఆమె చేతిలో ఏ ఆన్‌లైన్ మ్యాపూ లేదు.

అలాగని ఐగేట్ దండగ అని నేను అంటే నా నోట్లో నేనే మన్ను కొట్టుకున్నట్టు. మామూలు రోజుల్లో అది ఎంతో పనికొస్తుంది. మారథాన్‌లో అంబులెన్స్ ఎక్కడుందో చూడ్డానికి, ఎవరి రేడియో ఎంత దూరం వినిపిస్తోందో తేల్చుకోవడానికి, ఇళ్ల మీద పెట్టుకున్న చిన్న వాతావరణ కేంద్రాల రీడింగులు పోగేయడానికి దానికి మించింది లేదు. వరద రోజున కూడా, నీళ్లలో ఉన్న పేటకు బయట ఎక్కడో ఒక ఐగేట్‌కు నెట్ ఉంటే, డిజిపీటర్ మీదుగా ప్యాకెట్ అక్కడికి చేరితే, లోకానికి కబురు అందుతుంది. కిటుకు అదే. పేటలో రేడియో దారి నిలబడాలి, గేట్‌వే పేటకు ఆవల ఉండాలి. మనం చేస్తున్నది సరిగ్గా తలకిందులు. రేడియో దారి వేయకుండా, ఇంటింటా గేట్‌వేలు పెట్టుకుని, అన్నింటినీ ఒకే ఫైబర్ తీగకు వేలాడదీస్తున్నాం.

నిజానికి నేను చూసినంతలో చెన్నై మీద మ్యాప్‌లో కనిపించే చుక్కల్లో చాలావాటికి రేడియోతో బంధుత్వమే లేదు. ఫోనులో ఏపీఆర్‌ఎస్‌డ్రాయిడ్ లాంటి యాప్ వేసుకుని, సెల్ డేటా మీద నేరుగా సర్వర్‌కు పంపేవాళ్లవి అవి. తప్పేమీ లేదు, నేర్చుకోవడానికి మంచిదే. కాని వరద రోజున అవి సెల్ టవరుతో పాటే మాయమవుతాయి. ఏది రేడియో చుక్కో ఏది ఫోను చుక్కో తెలుసుకోవడం తేలిక. ముడి ప్యాకెట్లు చూపించే పేజీ తెరవండి. ప్యాకెట్ నడిచి వచ్చిన దారి అంతా అందులో రాసి ఉంటుంది. ‘టీసీపీఐపీ’ అని పక్కన నక్షత్రం గుర్తు ఉంటే అది గాలి మొహం చూడకుండా ఇంటర్నెట్‌లోనే పుట్టింది. ‘క్యూఏఆర్’ అని ఉండి, ఆ పక్కన ఇంకొక కాల్‌సైన్ ఉంటే, ఆ కాల్‌సైన్ గల ఐగేట్ రేడియోలో విని అందించిందని. మీ విలేకరి వేసిన స్క్రీన్ బొమ్మలోని చుక్కలన్నింటినీ నేను అలా పరీక్షించాను. ఫలితం ఇక్కడ రాసి ఆయన్ని నొప్పించను.

ఎక్స్ఛేంజీలో పనిచేసినదాన్ని కనుక కరెంటు గురించి రెండు మాటలు. అప్పట్లో మా బ్యాటరీ రూములోకి వెళ్తే ఆమ్లం వాసనకు కళ్లు మండేవి. వరుసగా గాజు, ఎబొనైట్ తొట్లలో సీసపు పలకలు, అన్నీ కలిపితే 48 వోల్టులు. హైడ్రోమీటరు ముంచి, తేలిన గీత కంటికి సమానంగా తెచ్చుకుని, ఆమ్లం సాంద్రత చూసి సెల్లు సెల్లుకీ రిజిస్టరులో రాసేవాళ్లం. ఊళ్లో కరెంటు పోయినా ల్యాండ్‌లైన్‌లో డయల్ టోన్ రావడం వెనక ఆ రిజిస్టరు ఉండేది. ఇప్పుడు చాలామంది ఐగేట్లు గోడకున్న ప్లగ్గు మీద నడుస్తున్నాయి. ఎందుకని అడిగితే ‘రౌటరే పోయాక ఇదెందుకు’ అంటారు. అందుకే. రౌటరు పోయినా చుట్టుపక్కల రేడియోలకు అది డిజిపీటర్‌గా పనికొస్తుంది, చిన్న సెట్టింగు మార్పు అంతే. విని ఊరుకునే సమయంలో ఈ సరంజామా పది వాట్లు కూడా తాగదు. ఇంటి ఇన్వర్టరుకు వాడే 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి నేరుగా తగిలించి, అందులో సగమే వాడుకున్నా మూడు రోజులకు పైగా నడుస్తుంది. ఇన్వర్టరు మీదుగా 230 వోల్టులకు ఎక్కించి మళ్లీ 12కు దించడం మాత్రం వద్దు, దారిలోనే బోలెడు పోతుంది.

ఇంకో లోపం ఉంది. రేడియో సంకేతాలు పట్టే చిన్న యూఎస్‌బీ డాంగిల్ ఒకటి కొని రాస్‌ప్‌బెర్రీ పై కంప్యూటరుకు గుచ్చి, డైర్‌వుల్ఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే ఐగేట్ తయారు. చవక. కుర్రవాళ్లకు ఇష్టం. కాని డాంగిల్‌కు చెవులే, నోరు లేదు. విన్నది ఇంటర్నెట్‌కు చేరుస్తుంది గాని, ఇంటర్నెట్ నుంచి వచ్చిన సందేశాన్ని రేడియోకు అందించలేదు. సైదాపేటలో చిక్కుకున్న హామ్ ‘పడవ కావాలి’ అని పంపితే మ్యాప్‌లో ఊరంతా చూస్తుంది, ‘వస్తున్నాం’ అన్న జవాబు ఆయనకు చేరదు. తన మాట ఎవరికైనా అందిందో లేదో తెలియక ఆయన అదే మాట పంపుతూ బ్యాటరీ ఖాళీ చేసుకుంటాడు. ప్రసారం చేసే ఐగేట్‌కు అసలైన రేడియో కావాలి, లైసెన్సు కావాలి, కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవడమూ కావాలి. తన పరిధిలో ఇటీవల వినిపించిన స్టేషన్లకు వచ్చిన సందేశాలనే అది గాల్లోకి వదలాలి. లేదంటే ప్రపంచం మాటలన్నీ సెకనుకు 1200 బిట్ల సందులోకి తోసుకొచ్చి ఎవరి మాటా ఎవరికీ వినపడదు. వేగంగా, పదేపదే బీకన్ (తమ చోటు చెప్పే ప్యాకెట్) వేసేవాళ్లతోనూ ఇదే గొడవ. ఇంట్లో బల్ల మీద కదలకుండా ఉన్న రేడియో నిమిషానికోసారి ‘నేను ఇక్కడే ఉన్నాను’ అని చెప్పుకోవలసిన అవసరం ఏమిటో నాకు బోధపడదు.

ఆ సందేశాలు ఎంత పొడుగు ఉండొచ్చో తెలుసా? 67 అక్షరాలు. అదీ ఇంగ్లీషు అక్షరాలు. తెలుగులో ఒక్కో అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి. వత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకు వస్తాయి. 22 సంకేతాలకే సరిహద్దు. ‘నీళ్లు’ అన్న చిన్న మాటకే ఆరు సంకేతాలు ఖర్చు. పైగా చాలా సెట్లకు తెలుగు లిపి చూపించడమే రాదు. కాబట్టి మేం తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో, టెలిగ్రాము భాషలో రాసుకుంటాం. టెలిగ్రాములు పంపిన తరానికి ఇది కొత్తేమీ కాదు. వాట్సాప్‌లో ఉపన్యాసాలు దంచేవాళ్లకే చేతులు కట్టేసినట్టు ఉంటుంది.

‘పోలీసులు దీంతో నేరస్థులను పట్టుకోవచ్చు’ అని కూడా రాశారు. నేరస్థుడు ముందు కేంద్రం నిర్వహించే పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, తన కాల్‌సైన్‌తో తానే ఎక్కడున్నాడో ప్రకటించుకుంటే పట్టుకోవచ్చు. ఏపీఆర్‌ఎస్‌లో మనం చెప్పుకుంటేనే మన చోటు తెలుస్తుంది. అయితే చెప్పుకున్నది అందరికీ తెలుస్తుంది, ఆ పైన సర్వర్లలో నిలవ ఉంటుంది. అమెచ్యూర్ బ్యాండుల్లో మాటను రహస్య లిపిలో దాచడానికి వీల్లేదు. అందుకే ఈ ఉత్తరంలో నా కాల్‌సైన్ రాయలేదు. రాస్తే నా ఇల్లు ఏ వీధిలో ఉందో మీ పాఠకులు టీ చల్లారేలోగా కనుక్కుంటారు. నిమిషంలో నూరో వంతు అంటే మన దగ్గర దాదాపు 18 మీటర్లు. ఇల్లు తెలియనివ్వకూడదనుకుంటే చివరి రెండు అంకెలు ఖాళీగా వదలవచ్చు, అప్పుడు దాదాపు రెండు కిలోమీటర్ల మేర ఎక్కడైనా కావచ్చు. ప్యాకెట్ దారిలో ‘నోగేట్’ అని చేరిస్తే ఐగేట్ దాన్ని ఇంటర్నెట్‌కు ఎక్కించకూడదు, రేడియో వరకే ఆగిపోతుంది. ఒంటరిగా బైకు మీద తిరిగే ఆడపిల్లలు లైసెన్సు తీసుకుంటే ముందు ఈ రెండూ నేర్పుతాను, తర్వాతే మ్యాప్.

యాంటెన్నాల సంగతి కూడా తప్పదు. కింది వీధిలో ఒక అపార్ట్‌మెంటులో మాకు తెలిసిన హామ్ ఇంకొకరు ఉన్నారు. సంఘం వాళ్లు ఆయన కడ్డీ దింపించారు. మా సంఘం కార్యదర్శి నెల్లూరు మనిషి, మర్యాదస్థుడు, నా దగ్గరికీ వచ్చారు.

“అక్కా, ఈ కడ్డీ పిడుగును పిలుస్తుందట. పైగా దీని కిరణాలు మంచివి కావంటున్నారు. పిల్లలున్న ఇళ్లు కదా.”

“పిడుగు సంగతి నిజమే బాబూ. అందుకే ఎర్త్ వేయించాను, పైకి రా చూపిస్తాను. కిరణాల మాటకొస్తే, ఇది గంటలో పలికేది నాలుగైదు సెకన్లు. మన మేడ ఎదురుగా ఉన్న సెల్ టవరు ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, దానికి మాత్రం పక్క బిల్డింగు వాళ్లు అద్దె పుచ్చుకుంటున్నారు.”

ఆయన పైకి వచ్చారు. మందపాటి రాగి తీగ గోడ వెంట దిగి, మట్టిలో ఉప్పు, బొగ్గు పోసిన గుంట దాకా వెళ్లడం చూశారు. యాంటెన్నా పొడుగు ఆయన ఎత్తుకంటే తక్కువ. ‘ఇంతేనా’ అన్నారు. అంతే మరి. కడ్డీ నిలిచింది. అందరు కార్యదర్శులూ మెట్లెక్కి చూసేంత ఓపిక ఉన్నవాళ్లు కారు గనుక, అభ్యంతరం చెప్పే ముందు ఒకసారి చూడమని మీ పత్రిక రాస్తే మేలు.

మా ఊరికి ఉన్న పెద్ద కష్టం ఎత్తు లేకపోవడం. చెన్నై పళ్లెంలా చదునుగా ఉంటుంది. 144 నుంచి 146 మెగాహెర్ట్‌జ్ వరకు ఉన్న మా బ్యాండులో తరంగం దాదాపు కంటిచూపు దారిలోనే వెళ్తుంది. పదిహేను మీటర్ల మేడ మీద యాంటెన్నాకు రేడియో దిగంతం లెక్క ప్రకారం 16 కిలోమీటర్లు, భవనాలు అడ్డొచ్చి అందులోనూ కోత. సెయింట్ థామస్ మౌంట్ ఎత్తు సుమారు 90 మీటర్లు. అక్కడి నుంచి దిగంతం 39 కిలోమీటర్లు. అంటే ఒక్క డిజిపీటర్ అక్కడ ఉంటే అటు తాంబరం, ఇటు అడయారు, పళ్లికరణై చిత్తడి నేల చుట్టూ ఉన్న పేటలు, చెంబరంబాక్కం చెరువు గట్టు, అన్నీ అందుతాయి. 1802లో విలియం లాంబ్టన్ దేశం కొలతలు మొదలుపెట్టి తొలి ఆధార రేఖను కొలిచింది కూడా ఈ కొండ దగ్గరి నుంచే. ఎవరు ఎక్కడున్నారో తేల్చే పనికి ఆ కొండ కొత్తది కాదు. పైన చర్చి, చుట్టూ సైన్యం, పక్కనే విమానాశ్రయం, అనుమతి అంత తేలిక కాదని నాకూ తెలుసు. ఆ కొండ కుదరకపోతే ఎత్తైన ప్రభుత్వ భవనం ఏదైనా సరే. కావలసింది ఒక చిన్న పెట్టె, ఒక కడ్డీ, ఒక బ్యాటరీ పట్టేంత జాగా, ఏడాదికి రెండుసార్లు పైకి ఎక్కనిచ్చే ఒక వాచ్‌మన్.

అంతవరకు ఆకాశంలో ఒక దారి ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న అమెచ్యూర్ పరికరం డిజిపీటర్‌గా పనిచేస్తున్న రోజుల్లో, 145.825 మెగాహెర్ట్‌జ్‌లో మనం పంపిన ప్యాకెట్‌ను అది దాదాపు 400 కిలోమీటర్ల పై నుంచి తిరిగి పలుకుతుంది. కింద వందల మైళ్ల అవతల, నెట్ చక్కగా ఉన్న ఊళ్లో ఐగేట్ ఒకటి విన్నా చాలు, చెన్నై మొత్తం చీకట్లో ఉన్నా మన కబురు మ్యాప్ ఎక్కుతుంది. అయితే అది మన నెత్తి మీద ఉండేది ఒక్కో విడతకు పది నిమిషాలు, అదీ రోజుకు కొన్ని విడతలే. వరద దాని టైము చూసుకుని రాదు.

చెన్నైలో ఉన్న తెలుగు హామ్‌లను నేను అడిగేది ఒక్కటే. ఈ వర్షాలు మొదలయ్యేలోగా ఒక ఆదివారం ఉదయం అందరం కూడబలుక్కుని ఇంట్లో రౌటర్లు ఆపేద్దాం, ఫోనులో డేటా ఆపేద్దాం, మెయిన్ స్విచ్చి దించేద్దాం. ఎవరి రేడియోకు ఎవరు వినిపిస్తారో, ఎవరి బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో కాగితం మీద రాసుకుందాం. మీ విలేకరిని మా మేడ మీదికి పంపండి. ఆయన రాసే కథనానికి అప్పుడు ఏ మకుటం పెట్టినా నాకు అభ్యంతరం ఉండదు.

ఒక చిన్న దిద్దుబాటు కూడా వేయాలి. కథనం చివర పెట్టిన డబ్బాలో లైసెన్సు పరీక్షకు 18 ఏళ్లు నిండాలని రాశారు. 12 నిండితే చాలు. మీ డబ్బా చదివి, ‘ఇంకా ఆరేళ్లు ఆగాలట’ అని మా పక్కింటి ఏడో తరగతి పిల్ల సోల్డరింగ్ కడ్డీ నాకు తిరిగి ఇచ్చేసింది. రేపటి పత్రికలోనే దిద్దితే దాన్ని మళ్లీ పిలుచుకుంటాను.

ఇట్లు,
విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగిని,
వేళచ్చేరి, చెన్నై.
(పేరు ప్రచురించవద్దని మనవి.)